తోయడానికి ఒక బల్ల

పోయిన నెల తార్నాక చర్చిలో ఆమె సంతాప ప్రార్థన జరిగింది. నేను వెనక వరసలో, ఫ్యాను గాలి తగలని చోట కూర్చున్నాను. పాస్టరుగారు మాట్లాడారు. ఆమె చెల్లెలి కొడుకు మాట్లాడాడు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆమెతో కలిసి పనిచేసిన ఒక ముసలావిడ కర్ర పట్టుకొని వచ్చి మరీ మాట్లాడింది. భక్తిపరురాలన్నారు. క్వయర్‌లో గొంతు నిలబెట్టేదన్నారు. మాట తప్పని మనిషన్నారు. అన్నీ నిజమే. ఆమె పిన్‌బాల్ ఆడేదని మాత్రం ఒక్కరంటే ఒక్కరు అనలేదు.

బయట గేటు దగ్గర చెల్లెలి కొడుకును పట్టుకొని అడిగాను.

"చర్చిలో అదెందుకండీ," అన్నాడు. "ఏదో రిటైరయ్యాక టైంపాస్‌కి ఆడేవారు పెద్దమ్మ."

మర్యాదస్తుడు, పైగా దుఃఖంలో ఉన్నవాడు. అందుకని నమస్కారం పెట్టి వచ్చేశాను. ఇంటికొచ్చాక కూడా ఆ మాట వదల్లేదు. టైంపాసట. సంగీతం నేర్చినవాళ్లు పోతే పాడేవారని చెబుతారు. చదరంగం ఆడినవాళ్లు పోతే పేపర్లో ఫోటో వేస్తారు. ఈవిడ చేతుల్లో ఉన్న విద్య ఎవరికీ విద్యలా కనపడలేదు, టీవీకి తగిలించి ఆడేది కాబట్టి. ఒక ఆదివారం నా బతుకంతా ఆ రెండు చేతుల మీద నిలబడింది. అక్కడ నన్నెవరూ మాట్లాడమనలేదు. కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

తొంభైల నడుమ సంగతి. యూనివర్సిటీ నుంచి తార్నాక వైపు వచ్చే ఒక సందులో నాకు వీడియో గేముల దుకాణం ఉండేది. దుకాణమంటే ఒక షట్టరు, మూడు టీవీలు, కొన్ని స్టూళ్లు. టీవీకి వైరుతో తగిలించే ప్లాస్టిక్ పెట్టె, దాని నెత్తిన గుచ్చే క్యాసెట్టు, చేతిలో పట్టుకొని ఆడే రిమోటు. ఇప్పటివాళ్లు వాటిని పాతసామానని నవ్వుతారు. కొందరు అదే పాతసామాను వెతికి వెతికి కొనుక్కుంటున్నారని కూడా విన్నాను. నేను నాలుగో తరగతితో బడి మానినవాణ్ణి. ఆ తర్వాత హాస్టల్ మెస్సులో గిన్నెలు కడిగాను. ఇంగ్లీషు కూడబలుక్కొని నేర్చింది క్యాసెట్ల అట్టల మీద, ఫుట్‌పాత్ మీద దొరికే పాత పత్రికల మీద. ఈ మాట సిగ్గుపడుతూ చెప్పడం లేదు.

ఆమె మా దుకాణంలోకి మొదటిసారి వచ్చింది వాన వల్ల. రోజూ పొద్దున క్యాంపస్‌లో నడిచి ఆ సందులోంచే ఇంటికి వెళ్లేది. నూలు చీర, కాళ్లకు కాన్వాసు బూట్లు. చేతిగడియారం ముఖం మణికట్టు లోపలివైపుకు ఉండేది. ఆ రోజు వాన గట్టిగా పట్టుకుంది. షట్టరు కింద నిలబడి లోపలికి చూసింది. హాస్టల్‌లో ఉండి రీసెర్చి చేసుకునే ఒకతను పిన్‌బాల్ ఆడుతున్నాడు.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. తెర మీద నిలువునా ఒక బల్ల కనిపిస్తుంది. పైనుంచి ఒక గుండు దొర్లుతూ వస్తుంది. దారిలో గుబ్బలకూ బల్బులకూ తగిలి ఎగురుతుంది. తగిలినప్పుడల్లా పాయింట్లు. అడుగున రెండు రెక్కలుంటాయి, కుడిదొకటి, ఎడమదొకటి. వాటితో గుండును మళ్లీ పైకి కొట్టాలి. రెక్కల మధ్య సందులోంచి జారిందా, ఆ గుండు పోయినట్టే. ఆట మొత్తం ఇంతే. ఇంతే కాబట్టే వదలబుద్ధి కాదు. జారిపోయిన ప్రతి గుండూ నీ పొరపాటులాగే కనిపిస్తుంది, వచ్చే గుండుకు దిద్దుకోవచ్చనిపిస్తుంది.

అతను రిమోటు మీద రెండు బొటనవేళ్లతో టపటపా బాదుతున్నాడు. ఆమె కాసేపు చూసి ఉండబట్టలేక అడిగింది.

"బాబూ, రెండు రెక్కలూ ఒకేసారి ఎందుకు కొడుతున్నావు? గుండు ఏ పక్క వస్తే ఆ చెయ్యే పనిచెయ్యాలి. రెండో చెయ్యి ఊరుకోవాలి."

"ఆంటీ, మీరు ఎప్పుడన్న ఆడిన్రా?"

"నువ్వు పుట్టకముందు."

అతను నవ్వి రిమోటు చేతికిచ్చాడు. ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకొని బరువు చూసింది. "ఇంత తేలికా," అంది, కూరగాయలావిడ తూకంలో మోసం చేసినట్టు ముఖం పెట్టి. స్టూలు జరిపితే కూర్చోలేదు. నిలబడే ఆడింది. మొదటి గుండు వెంటనే పోయింది. రెండో గుండు కుడివైపు దిగుతుంటే రెక్కను పైకెత్తి అలాగే పట్టుకుంది. గుండు దొర్లి దొర్లి రెక్క ఒడిలో ఆగిపోయింది. గుండును ఆపవచ్చని అప్పటిదాకా మా దుకాణంలో ఎవరికీ తెలియదు, నాతో సహా.

"లైన్‌లో ఉండండి," అంది గుండుతో. ఎడమ చేత్తో కళ్లజోడు తీసి, కొంగుతో తుడుచుకొని, పెట్టుకొని, అప్పుడు కొట్టింది.

"ఆంటీ గుండుతోని మాట్లాడుతున్నరు," అన్నాడు రీసెర్చి అతను.

"ట్రంకు కాల్ బోర్డు ముందు నేను కూర్చున్నన్నేళ్లు కూర్చో. నువ్వూ మాట్లాడతావు."

ఆ రోజు నుంచి కుర్రాళ్లకు ఆమె ఆపరేటర్ ఆంటీ. నేను అక్కా అనేవాణ్ణి. గుండు జారిపోతే "లైన్ కట్టయింది" అనేది. నాలుగు రోజులకు దుకాణంలో అందరికీ అదే మాట. క్యాంపస్‌లో ఆమె నడుస్తుంటే హాస్టల్ కుర్రాళ్లు దూరం నుంచి "ఆంటీ, లైన్‌లున్నరా" అని అరిచేవాళ్లు. ఆమె తల తిప్పకుండా చెయ్యి పైకెత్తేది.

గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికొచ్చిన మనిషి. వయసులో ఉన్నప్పుడు సికింద్రాబాదులో వాళ్ల స్టాఫు క్లబ్బులో నిజమైన పిన్‌బాల్ మిషను ఉండేదట. పక్కలకు చెక్క, పైన అద్దం, లోపల ఇనుప గుండు, తగిలితే మోగే గంటలు. డ్యూటీ దిగి ఆడేది. ఆడవాళ్లకెందుకీ ఆట అని గొణిగిన మగవాళ్లను ఒక్కొక్కర్నీ ఓడించి పంపేదట. ఈ ముక్క చెప్పేటప్పుడు మాత్రం నవ్వేది.

నా పెట్టె ఆమెకు ఎప్పుడూ పూర్తిగా నచ్చలేదు. "ఈ గుండుకి బరువు లేదయ్యా," అనేది. "మిషను మీద గుండు తగిలితే ఇక్కడ తెలిసేది," అని అరచేయి చూపించేది. "ఇది గుండు కాదు. గుండు ఫోటో."

"మరి ఎందుకాడుతున్నరు అక్కా?"

"ఫోటో అయినా మనవాళ్లదే కదా."

ఇంకో పెద్ద లోపం ఉంది. నిజం మిషనును తోయవచ్చు. గుండు రెక్కల నడిమి సందుకు సూటిగా దిగుతున్నప్పుడు ఏ రెక్కా అందదు. అప్పుడు నడుముతో మిషనును ఒక్క పిసరు తోస్తే గుండు దారి మారుతుంది. గట్టిగా తోస్తే మిషను అలుగుతుంది. దీపాలన్నీ ఆరిపోతాయి, రెక్కలు చచ్చుబడతాయి. "తోయాలి, కానీ దానికి కోపం రాకుండా తోయాలి. మనుషులతో ఎలాగో అలాగే," అనేది. నా పెట్టెలో ఆ తోపుడుకు చోటే లేదు. బొమ్మలో బల్లను ఎలా తోస్తాం? కానీ ఆమె నడుముకు ఆ సంగతి ఎక్కలేదు. గుండు నడిమికి దిగిందంటే చాలు, టీవీ పెట్టిన బల్లకు నడుముతో ఒక్క పోటు. పెట్టె అదిరేది. క్యాసెట్టు వదులయ్యేది. తెరంతా గళ్లుగళ్లుగా గడ్డకట్టి, గుయ్యిమని ఒకటే మోత. అప్పటిదాకా వచ్చిన పాయింట్లన్నీ గాలికి.

"అన్నా, ఆంటీ మల్ల తోసింది," అని కేకేసేవాళ్లు.

నేను క్యాసెట్టు పీకి, నోటితో ఊది, మళ్లీ గుచ్చేవాణ్ణి. గోడ మీద పెద్ద అక్షరాలతో 'బల్లను తోయరాదు' అని రాసి పెట్టాను. ఆమె కళ్లజోడు సవరించుకొని చదివి, "న్యాయమే," అంది. మర్నాడు మళ్లీ తోసింది.

ఇలా నడుస్తుండగా కుర్రాళ్లు పందేలు మొదలుపెట్టారు. మొదట చాయ్, ఆ తర్వాత బిర్యానీ. ఒకరోజు ఇద్దరు పందెం దగ్గర మాటామాటా అనుకొని సందులో కలబడ్డారు. ఎదురింటి కిటికీ అద్దం పగిలింది. మర్నాడు షట్టరు యజమాని వచ్చి గడప దగ్గరే నిలబడ్డాడు. మంచివాడే.

"అన్నా, నాకు నీ మీద ఏం లేదు. గని కాలనీ సంఘమోళ్లు ఈడ జూదం నడుస్తున్నదంటున్నరు. రేపు పోలీసులొస్తే నా ఇంటి ఇజ్జత్ ఏం గావాలె? నెలాఖరుకు ఖాళీ చెయ్యి."

ఆ షట్టరు పోతే నేను మళ్లీ మెస్సు గిన్నెల దగ్గరికి పోవాలి. ఆ ఒక్కటీ చేయనని ఒట్టు పెట్టుకొని వచ్చినవాణ్ణి. సంఘం అధ్యక్షుడి ఇంటికి వెళ్లాను. తూనికలు కొలతల ఆఫీసులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. మౌలాలి నుంచి వచ్చి మా కాలనీలో ఇల్లు కట్టుకున్నాడు.

"పందేలు బంద్ చేయిస్త సార్. ఆట మాత్రం జూదం కాదు," అన్నాను.

"మంచిగ చెప్తున్నవ్. గుండు ఎటు పోతదో నీకు తెలుసా?"

"తెల్వదు సార్."

"దుకాణపోనివి, నీకే తెల్వకపోతే అది నసీబు గాక ఏంది? నసీబు మీద ఆడేది జూదమే."

ఆ సాయంత్రం ఆమెతో చెప్పాను. అప్పుడామె ఆడుతోంది. గుండు ఇంకా పైన ఉండగానే రిమోటు కింద పెట్టేసింది. గుండు దానంతటదే దొర్లి జారిపోయింది. ఆమె గుండును వదిలేయడం నేను చూసింది అదొక్కసారే.

"నసీబు అన్నాడా," అంది. "అంటే ఇన్నాళ్లూ నేను చేసింది లాటరీ టికెట్టు గీకడమా?" పెట్టె స్విచ్ ఆపేసింది. "ఆదివారం ఆరాధన అయ్యాక రమ్మను ఆయన్ని."

ఆదివారం వచ్చింది. ఆమె చర్చి నుంచి నేరుగా తెల్లచీరతో, చంకలో బైబిలు సంచీతో వచ్చింది. సంచీ నా చేతికిచ్చింది. అధ్యక్షుడు, షట్టరు యజమాని స్టూళ్ల మీద కూర్చున్నారు. గోడల వెంట కుర్రాళ్లు. అధ్యక్షుడు ముందు క్యాసెట్టు అడిగి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు, చెవి దగ్గర పెట్టుకొని ఊపాడు, తిరిగి ఇచ్చాడు. పాత అలవాటు కాబోలు.

ఆమె నిలబడి మొదలుపెట్టింది. ఎంత బాగా ఆడిందో నేను రాయలేను. ఒక చెయ్యి పనిచేస్తుంటే రెండో చెయ్యి నిద్రపోతున్నట్టుండేది. గుండు రెక్క నుంచి రెక్కకు తొణక్కుండా మారేది. కుర్రాళ్ల ఈలలు ఆగిపోయాయి. మా దుకాణంలో అప్పటిదాకా ఎవరూ చూడని పాయింట్లు వచ్చాయి. నేను అధ్యక్షుడి ముఖం వంకే చూస్తున్నాను. ముందుకు వంగాడు.

అప్పుడు గుండు నడిమి సందుకు సూటిగా దిగింది.

నాకు తెలుసు. గోడల వెంట ఉన్న వాళ్లందరికీ తెలుసు. ఎవరో "ఆంటీ, వద్దు" అంటూనే ఉన్నారు. ఆమె నడుము బల్లకు తగిలింది. తెర గళ్లుగళ్లుగా గడ్డకట్టింది. గుయ్యిమంది.

ఆ మోత మధ్యలో అధ్యక్షుడు లేచి నిలబడ్డాడు. "అయిపాయె. నేనన్నది గిదే గద. ఎప్పుడేమైతదో ఎవ్వలికి తెల్వదు." ఆయన గొంతులో ఎగతాళి లేదు. అందుకే నాకు ఇంకా భయమేసింది. షట్టరు యజమాని నా వంక చూడకుండా తాళంచెవులు సర్దుకున్నాడు.

"కూర్చోండి," అంది ఆమె. ఎక్స్ఛేంజి గొంతు అది. ఊరు ఊరంతా ఒకప్పుడు ఆ గొంతు చెప్పినట్టు ఆగింది. ఆయన కూర్చున్నాడు.

నన్ను క్యాసెట్టు మళ్లీ పెట్టమంది. ఒక స్టూలు అడిగింది. ఆమె కూర్చొని ఆడటం మేము ఎన్నడూ చూడలేదు. స్టూలును బల్లకు దూరంగా జరుపుకొని, రెండు పాదాలూ నేలకు ఆనించి కూర్చుంది.

"ఇప్పుడు పాయింట్లు చూడకండి. గుండు దేనికి తగులుతుందో నేను ముందు చెప్తాను. చెప్పాక కొడతాను."

మొదటి గుండును కుడి రెక్క మీద ఆపింది. "లైన్‌లో ఉండండి. ఎడమ పక్క, పైనున్న బల్బు." కొట్టింది. బల్బు వెలిగింది. మళ్లీ ఆపింది. "ఇప్పుడు దాని కింద గుబ్బ." తగిలింది. "పైన సందులోంచి వెనక్కి." గుండు సందులో దూరి, చుట్టి, వెనక్కి వచ్చి రెక్క మీద వాలింది. ట్రంకు కాల్ కలిపినట్టే ఉంది. ఏ ఊరికి కావాలో చెప్పడం, కలపడం.

అధ్యక్షుడికి అనుమానం తీరలేదు. "నువ్వు చెప్పుడు గాదమ్మ. నేను చెప్త. గా నడిమి బల్బును కొట్టు."

ఆమె గుండును పట్టుకొని ఉండి తెర వంక చూసింది.

"కొట్టలేను," అంది.

కుర్రాళ్లు గుసగుసలాడారు.

"ఈ రెక్క నుంచి దానికి దారి లేదు సార్. ఎవరు కొట్టినా తగలదు. ముందు గుండును ఎడమ రెక్కకు మార్చాలి, అక్కడ ఆపాలి. అప్పుడు కొట్టొచ్చు. చూడండి." మార్చింది. ఆపింది. కొట్టింది. నడిమిది వెలిగింది.

ఆయన్ని ఒప్పించింది వెలిగిన బల్బులు కాదు, ఆ 'కొట్టలేను' అన్న మాట. నసీబు మీద ఆడేవాడు ఎన్నడూ ఆ మాట అనడు. ఆయన గడ్డం గోక్కొని, "ఇటియ్యి, నేనొకసారి చూస్త," అని రిమోటు తీసుకున్నాడు. గుండు వదిలాడు. రెండు రెక్కలూ టపటపా కొట్టాడు. గుండు ఆ మధ్యలోంచి నేరుగా దిగిపోయింది.

"లైన్ కట్టయింది సార్," అన్నాడు రీసెర్చి అతను.

మొదట నవ్వింది అధ్యక్షుడే. లేచి యజమానితో, "పందెం వెడితే మాత్రం నేనే తాళమేస్త. ఆటకైతే నాకు అభ్యంతరం లేదు," అని వెళ్లిపోయాడు. షట్టరు నాకు నిలిచింది.

ఆ సాయంత్రం ఆమెను ఇంటిదాకా దిగబెట్టడానికి వెళ్లాను. క్యాంపస్ గోడ వెంట నడుస్తున్నాం. నేను ఆనందం పట్టలేక ఏవేవో మాట్లాడుతున్నాను. ఆమె ఊకొట్టడం లేదు.

"ఏందక్కా, గెలిచినం గద."

"గెలిచాం. నీ పెట్టె దయవల్ల. అందులో గుండు ఇవాళా రేపూ ఒకే దారిన పోతుంది. దానికి వాన తెలియదు, ఎండ తెలియదు. చెక్క ఉబ్బదు, స్ప్రింగు సాగదు. అందుకే ముందుగా చెప్పగలిగాను. ఆ లోపాన్నే కదా నేను రోజూ తిట్టేది." మళ్లీ తనే అంది: "క్లబ్బులో మిషను అయితే అలా చెప్పలేకపోయేదాన్ని. అప్పుడు ఆయన నసీబు అంటే ఏమనేదాన్ని?"

"ఏమనేటోళ్లు?"

"ఏమీ అనను. తోస్తాను." ఇంకో నాలుగడుగులు వేశాక, "నసీబు ఉంటుందయ్యా. లేదని ఎవరన్నారు? అది వచ్చినప్పుడు చేతులు కట్టుకొని నిలబడితే జూదం. తోస్తే ఆట," అంది.

నేను చదివిన పుస్తకాల్లో ఇంతకన్న పెద్ద మాట నాకు దొరకలేదు. యూనివర్సిటీ గోడకు ఇవతల, రోడ్డు మీద దొరికింది.

మర్నాడే వారాసిగూడలో నాకు తెలిసిన వడ్రంగి దగ్గరికి వెళ్లాను. టీవీకీ పెట్టెకూ గోడలోకి దిగేసిన ఒక అర చేయమన్నాను. ఎంత తోసినా కదలకూడదు. దాని ముందు, అరకు తగలకుండా, నడుమెత్తున ఒక బల్ల.

"బల్ల మీద ఏం వెడ్తరు?" అన్నాడు.

"ఏం వెట్టం."

"మరి దేనికి?"

"తోస్తం."

అతను నా ముఖం వంక చూశాడు. అయినా గట్టి టేకుతో చేసిచ్చాడు. ఆమె వచ్చి చూసింది. ముందు గోడ మీద అర చూసింది, తర్వాత ఉత్త బల్ల చూసింది. తర్వాత 'బల్లను తోయరాదు' అన్న రాత ఉండాల్సిన చోట సున్నం చూసింది. రిమోటు తీసుకుంది. ఆడింది. గుండు నడిమికి దిగగానే నడుముతో ఒక పోటు పొడిచింది. బల్ల కదిలింది. తెర మీద గుండు మాత్రం దాని దారిన అది జారిపోయింది.

"లైన్ కట్టయింది," అంది. ఆమె అంత సంతోషంగా గుండు పోగొట్టుకోవడం నేను అంతకుముందు చూడలేదు.

దుకాణం ఇంకొన్నేళ్లు నడిచింది. కొత్తగా వచ్చినవాళ్లు ఆ ఉత్త బల్ల దేనికని అడిగేవాళ్లు. పాతవాళ్లు చెప్పేవాళ్లు కాదు, "ఆంటీ వస్తరు, చూడు" అనేవాళ్లు. కంప్యూటర్లు వచ్చాక నేను షట్టరు దించేశాను. టీవీలు, పెట్టెలు ఎవరెవరో పట్టుకుపోయారు. బల్ల ఎవరికీ ఇవ్వలేదు. ఇప్పుడది మా ఇంట్లో కిటికీ పక్కన ఉంది. దాని మీద ఇవాళ్టికీ ఏమీ పెట్టనివ్వను.

ఆ చెల్లెలి కొడుకు దీన్ని చదువుతాడో లేదో తెలియదు. చదివితే ఒకసారి మా ఇంటికి రావాలి. ఆ బల్ల ముందు అంచు చుట్టూ గరుకుగానే ఉంటుంది. కుడివైపు, సరిగ్గా ఆమె నడుమెత్తున, జానెడు మేర మాత్రం అద్దంలా నున్నగా అరిగి లోపలికి పోయింది. చెయ్యి పెట్టి చూడమంటాను. బాబూ, ఇది టేకు. టైంపాస్‌కి అరగదు.